నాలుగు వేళ్ల కన్ను

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మాస్టర్లు ఒకరిద్దరు నాకు ఫోన్ చేశారు. ఆటల గురించి ఏదో సలహా అడుగుతారు కాబోలు అనుకుని గొంతు సవరించుకున్నాను. వాళ్ళు అడిగింది వేరు. "సార్, మీరు నిజంగానే క్రోషియా అల్లుతారా? మావాళ్ళు నమ్మట్లేదండి" అని. అల్లుతాను నాయనా. సర్వీసంతా మెడలో విజిలు వేసుకుని ఎండలో పిల్లల చేత కవాతు చేయించిన మనిషిని. నా కేక విని సైకిలు మీంచి పడిపోయినవాళ్ళున్నారు. అదే మనిషి చొక్కా జేబులో క్రోషియా కొక్కెం కూడా ఉండేది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

అడిగారు కాబట్టి నా ఆఖరి ఏడాది సర్వీసులో జరిగిన సంగతి చెబుతాను. పేర్లు మాత్రం రాయను. అందరూ ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు. రేపు రైల్లో కనబడితే నన్ను బతకనివ్వరు.

ముందు ఈ అల్లిక పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. నా మొదటి స్కూలు బాపట్ల అవతల, సముద్రానికి దగ్గర్లో ఉండేది. అక్కడి వాలీబాల్ నెట్టు ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట చిరిగే ఉండేది. కొత్తది అడిగితే "వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ" అనేవారు. ఆ వచ్చే ఏడు నేను బదిలీ అయ్యేదాకా రాలేదు. దాంతో ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళ దగ్గర కూర్చుని ముడి వేయడం నేర్చుకున్నాను. ఒక చెక్క సూదికి దారం చుట్టుకోవడం, చిన్న చెక్క ముక్కని కొలతగా పెట్టుకోవడం, దాని మీదుగా దారం తిప్పి ముడి బిగించడం. అలా వేసిన ఒక్కో గడిని కన్ను అంటారు. ఒక కన్ను పక్కన ఇంకో కన్ను, ఒక వరస కింద ఇంకో వరస. చేస్తూ కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలిసేది కాదు.

తర్వాత రేపల్లె పక్కన ఒక హైస్కూలుకి వచ్చాను. కాపురం తెనాలిలో, ఉద్యోగం అక్కడ. రోజూ ప్యాసింజరు బండిలో ప్రయాణం. మా స్కూలు కుట్టు టీచరు గారు కూడా అదే బండి ఎక్కేది. ఒకరోజు నేను నెట్టు ఒళ్ళో వేసుకుని ముడులు వేస్తుంటే ఆవిడ కాసేపు చూసి, "చేతులు బాగానే తిరుగుతున్నాయే! ఈ మోటు పని ఎన్నాళ్ళు చేస్తారు మాస్టారూ, ఇదిగో ఇది పట్టుకోండి" అని తన సంచిలోంచి కొక్కెం, తెల్ల నూలుండ తీసి నా చేతిలో పెట్టింది.

ఆ పెట్టెలో ఆ రోజు నవ్వని మనిషి లేడు. టికెట్లు చూడడానికి వచ్చినాయన నా టికెట్ అడగడం మర్చిపోయి నిలబడ్డాడు. నాకు పట్టుదల వచ్చింది. మొదట విజిలుకి తాడు అల్లుకున్నాను. అది ఎంత బాగా కుదిరిందంటే, నాతో ఎన్నడూ మాట్లాడని లెక్కల మాస్టారు తన తాళాల గుత్తికి కూడా ఒకటి చేసిపెట్టమన్నాడు. ఇక చూసుకోండి, బల్లల మీదికి గుడ్డలు, గుమ్మానికి తోరణాలు, మా ఇంట్లో టీవీకి ముసుగు, ఆ టీవీ రిమోటుకి ఇంకో ముసుగు. మా ఆవిడ చివరికి దణ్ణం పెట్టింది. "ఇంట్లో ముసుగు లేకుండా మిగిలింది నేనొక్కదాన్నే, నన్ను వదిలేయండి" అంది.

ఇంట్లో చోటు అయిపోయాక బ్లాగు మొదలుపెట్టాను. ఒక వేసవి సెలవుల్లో కూర్చుని, ఫోన్లో తెలుగు కొట్టడం నేర్చుకుని, 'కొక్కెం కబుర్లు' అని పేరు పెట్టాను. అల్లినవాటి ఫోటోలు పెట్టేవాణ్ణి. పాడుచేసినవాటి ఫోటోలు అంతకంటే పెద్దవి పెట్టేవాణ్ణి, వాటిని చూసి నేర్చుకుంటారని. రాసే పద్ధతి నాకు తెలిసింది ఒక్కటే, గ్రౌండులో చెప్పినట్టు రాయడం. 'భుజాలు వదులు! దారం మెడకి ఉరేసినట్టు బిగించకు! కొక్కెం లోపలికి, దారం పైకి, లాగు! మళ్ళీ!' ఇదీ నా పాఠం.

ఎవరు చదువుతారులే అనుకున్నాను. చదివారు. తెనాలి, గుంటూరు, చీరాల, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు తాము అల్లినవి ఫోటోలు తీసి పంపడం మొదలుపెట్టారు. తప్పు చేస్తే నేను తిట్టేవాణ్ణి, వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆ కాలంలో నేను పొద్దున్నే లేచి పళ్ళు తోముకోక ముందు ఫోన్ చూసుకునేవాణ్ణి. అంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు, నిజం చెబుతున్నాను.

చిక్కు ఒక్కటే. అందరూ నన్ను 'అక్కా' అని రాసేవాళ్ళు. క్రోషియా పాఠాలు చెప్పేది మగవాడై ఉంటాడని ఎవరికి మాత్రం తోస్తుంది! బాపట్ల నుంచి ఒకావిడ మొట్టమొదట్లోనే, 'అక్కా, మా అత్తగారు కూడా మీలాగే కేకలేస్తూ నేర్పేది. మీ రాతలు చదువుతుంటే ఆవిడ మళ్ళీ వచ్చి పక్కన కూర్చున్నట్టుంది' అని రాసింది. ఆవిడకి నేను మీసాలున్న మనిషినని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఒకసారి 'నేను డ్రిల్లు మాస్టారినండి' అని రాశాను కూడా. 'భలే జోకు వేస్తారక్కా' అని జవాబు వచ్చింది. సరే, నా ధర్మం నేను చేశాననుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడాది మా ఆడపిల్లల వాలీబాల్ టీముకి కెప్టెన్‌గా పదో తరగతి పిల్ల ఉండేది. పెనుమూడి నుంచి సైకిలు మీద వచ్చేది. పొడుగ్గా, సన్నగా, ఎడమచేతి వాటం. ఆ పిల్ల నెట్టు దగ్గర లేచి బంతి కొడితే చప్పుడు స్టాఫ్ రూములోకి వినబడేది. నా సర్వీసులో అంత చక్కటి ఆట నేను చూడలేదు. కానీ ఏం లాభం? జోను పోటీలు ఏటా ఎక్కడో దూరంగా జరిగేవి. అక్కడ ఆడితేనే జిల్లాకి ఎంపిక చేస్తారు. మా పిల్లల్ని ఊరు దాటించడానికి ఇళ్ళల్లో ఒప్పుకునేవాళ్ళు కాదు. ఈ పిల్ల తండ్రి ఏటి మధ్య లంకలో పసుపు, అరటి వేసే రైతు. చాలా మర్యాదస్తుడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"ఆడుకోనివ్వండి మాస్టారూ, నేను కాదంటన్నానా? పొద్దుగూకేటప్పటికి మాత్రం పిల్ల ఇంట్లో ఉండాలండి."

అంతే, ఇక దాని మీద మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు. అంతకు ముందు ఏళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన మంచి ఆటగత్తెలందరి ఆటా అలా ఊరి పొలిమేరలోనే ఆగిపోయింది. ఒక్కరు కూడా జిల్లాకి ఆడలేదు. ఈ పిల్ల పదో తరగతి, నాకూ అదే ఆఖరి ఏడు. ఒకసారి ప్రాక్టీసు అయ్యాక బంతులు సంచిలో వేస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"సార్, వాళ్ళు ఒక్కసారి నా ఆట చూస్తే చాలు. తీసుకోకపోయినా పర్లేదు. ఒక్కసారి చూస్తే చాలండి."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. పిల్లలు పోటీలకి వెళ్ళలేకపోతే పోటీల్నే ఇక్కడికి రప్పిద్దామని పట్టుబట్టాను. హెడ్మిస్ట్రెస్ గారిని ఒప్పించాను. ఆవిడ నా గొంతుకి భయపడి ఒప్పుకుందో, నచ్చి ఒప్పుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. పోటీల కమిటీకి రాశాం. గ్రౌండు చూడడానికి కమిటీ పెద్దాయన వచ్చాడు. ఆయన కూడా ఒకప్పటి డ్రిల్లు మాస్టారే, ముక్కుసూటి మనిషి.

మా గ్రౌండుకి లోటేమీ లేదు, ఒక్క కాలువ తప్ప. కోర్టుకి అటు పక్కనే పంటకాలువ. బంతి అటు పడిందంటే నీళ్ళలో తేలుకుంటూ పోయేది. కింద లాకుల దగ్గర నీళ్ళు వదిలే మనిషి పట్టుకుని పక్కన పెట్టి ఉంచేవాడు. "మాస్టారూ, ఈ వారం మీ బంతులు రెండొచ్చినయ్" అని కబురు పెట్టేవాడు. మాకు అలవాటైపోయింది కాబట్టి అది లోటని కూడా తోచలేదు. పెద్దాయన గట్టు మీద నిలబడి నీళ్ళలోకి తొంగి చూశాడు.

"ఏంటి మాస్టారూ ఇది? బంతి కోసం ఏ పిల్లన్నా పరిగెత్తి ఇందులో పడితే ఎవరు జవాబు చెప్తారు? ఈ పక్కంతా ఎత్తుగా వల కట్టండి. కడితే ఇక్కడ పెడతాం. లేదంటే వేరే ఊరు చూసుకుంటాం."

ఆయన చెప్పింది న్యాయమే, అందుకే ఒళ్ళు మండింది. ఆ పొడవున వల కొనే స్తోమత స్కూలుకి లేదు. నేనొక్కణ్ణే అల్లుతూ కూర్చుంటే రిటైరైనా పూర్తవదు. దసరా సెలవుల తర్వాతే పోటీలు. బండిలో తెనాలి వెళ్తూ కుట్టు టీచరు గారి ముందు నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ అల్లిక ఆపకుండానే అంది.

"మీ చెల్లెళ్ళంతా ఏమయ్యారు మాస్టారూ? రోజూ అక్కా అక్కా అంటారుగా. తలా ఒక ముక్క అల్లమనండి."

ఆ మాటకి నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్నాయన స్టేషన్ వచ్చిందనుకుని సంచి తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే బ్లాగులో రాశాను. పిల్ల సంగతి, కాలువ సంగతి, అంతా రాశాను. తర్వాత పాఠం. నైలాన్ దారం తెచ్చుకోండి, ముడి ఇలా వేయండి, అడ్డంగా ఇన్ని కళ్ళు, నిలువునా ఇన్ని వరసలు అని ఫోటోలతో సహా. కన్ను కొలతకి చెక్క ముక్క కావాలి, అది అందరి దగ్గరా ఎక్కడుంటుందని తేలిక దారి ఒకటి చెప్పాను. 'మీ నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి పట్టుకోండి. వాటి మీదుగా దారం తిప్పండి. అదే కొలత!' అని. పైగా ఎంత తెలివైన ఉపాయం చెప్పానో అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సెలవులంతా ఫోన్ మోగుతూనే ఉంది. 'అక్కా, నాది సగం అయింది', 'అక్కా, నా చేతులు బొబ్బలెక్కాయి అయినా ఆపను', 'అక్కా, మా ఆయన కూడా కూర్చున్నాడు, ముడి నాకన్నా బాగా వేస్తున్నాడు, నాకు ఒళ్ళు మండుతోంది' అని కబుర్లే కబుర్లు. ఎవరి ఇంట్లో ఏ రంగు దారం ఉంటే ఆ రంగు. నేను అందరికీ, 'శభాష్! వీపు నిటారుగా పెట్టి కూర్చో!' అని జవాబులిస్తూ వచ్చాను.

పోటీలకి ముందురోజు ఆదివారం. ముక్కలన్నీ తెచ్చి కలుపుదామని అందరినీ స్కూలుకి రమ్మన్నాను. వస్తారో రారో అనుకుంటుండగా రేపల్లె బస్టాండు వైపు నుంచి ఆటోలు రావడం మొదలైంది. ఆడవాళ్ళు, సంచులు, టిఫిన్ క్యారియర్లు. ముందుగా దిగిన ఒకావిడ, నడివయసు దాటిన మనిషి, బొద్దుగా కళకళలాడుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఏవండీ మాస్టారు గారూ, కొక్కెం కబుర్లు రాసే అక్క ఎక్కడున్నారండి? బాపట్ల నుంచి వచ్చానని చెప్పండి, పరిగెత్తుకొస్తారు."

నేను చేతిలో ఉన్న విజిలు ఒకసారి సర్దుకున్నాను.

"నేనేనండి ఆ అక్కని" అన్నాను.

ఆవిడ నా మీసాల వంక చూసింది. వెనక్కి తిరిగి కుట్టు టీచరు గారి వంక చూసింది. టీచరు గారు అవునన్నట్టు తల ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపట్లావిడ వరండా మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగితే కదా! "ఓరి దేవుడో, మా అత్తగారండి! మిమ్మల్ని మా అత్తగారనుకున్నానండి!" అంటూ కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ నా మొహం చూస్తుంది, మళ్ళీ నవ్వుతుంది. వచ్చినవాళ్ళందరికీ ఆవిడే ఈ వార్త చేరవేసింది. నేను ఎవరి కళ్ళలోకీ చూడకుండా సరుగుడు కర్రలు పాతించే పనిలో పడ్డాను.

కర్రలు పాతించాం. పైన తాడు లాగి కట్టాం. అప్పుడు ముక్కలు ఒక్కొక్కటే విప్పి తాడుకి వేలాడదీశాం. ముక్కలు ఎక్కువే వచ్చాయి కాబట్టి అడ్డంగా సరిపోయాయి. అన్నీ కట్టాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూశాను.

ఒకటి నేలకి తగులుతోంది. దాని పక్కది నా నడుముదాకా వచ్చి ఆగింది. ఇంకొకటి మోకాళ్ళ దాకా ఉంది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల్ని ప్రార్థనకి ఒకే వరసలో నిలబెట్టినట్టుంది. కింద నుంచి బంతి కాదు, దూడ కూడా దూరి పోవచ్చు. పొద్దున్నే కమిటీ పెద్దాయన వస్తాడు. మా కెప్టెన్ పిల్ల అప్పటికే వరండాలో నిలబడి చూస్తోంది. నాకు ఇక గొంతు ఆగలేదు.

"లెక్క పెట్టడం రాదా అమ్మా ఎవరికీ? ఇన్ని వరసలని రాశానా లేదా? నాలుగు వేళ్ళని అంత స్పష్టంగా రాశానే!"

బాపట్లావిడ మెట్టు మీంచి లేచి, నడుచుకుంటూ వచ్చి, నా ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తింది.

"లెక్క తప్పలేదండి, నేను మూడుసార్లు చూసుకున్నా. ఇవిగో, నావీ నాలుగు వేళ్ళే. ఏదీ, మీ చెయ్యి పెట్టండి ఇక్కడ."

పెట్టాను. వాలీబాల్ కొట్టి కొట్టి మొద్దుబారిన నా పంజా పక్కన ఆవిడ చెయ్యి చిన్నపిల్ల చెయ్యిలా ఉంది. నా రెండున్నర వేళ్ళ వెడల్పు ఆవిడ నాలుగు వేళ్ళకి సరిపోయింది. ఒక్కో కన్ను అంత చిన్నదైతే వరసలన్నీ కలిసేటప్పటికి వల ఎంత పొట్టిదవుతుందో చెప్పక్కర్లేదు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా తమ తమ చేతులు ఎత్తి పక్కవాళ్ళతో కొలుచుకోవడం మొదలుపెట్టారు. ఏ ఇద్దరివీ కుదరలేదు. ముందు ఎవరు నవ్వారో తెలీదు కానీ, క్షణంలో గ్రౌండంతా నవ్వులే.

కుట్టు టీచరు గారు తీరుబడిగా అంది. "జాకెట్టు కొలతలు తీసుకునేటప్పుడు నేను ఎప్పుడన్నా వేళ్ళు చూపించానా మాస్టారూ? టేపు ఎందుకు కనిపెట్టారంటారు?"

నాకు నవ్వు రాలేదు. "ఇప్పుడెట్లా అండి? విప్పి మళ్ళీ అల్లే టైము లేదు" అన్నాను.

"విప్పడమెందుకు?" అంది బాపట్లావిడ. "ఆడపిల్ల ఎదిగిపోయిందని పరికిణీ పారేస్తామా ఏంటి? కింద ఇంకో అంచు అతుకుతాం. పొట్టివాటికి కింద వరసలు కలుపుదాం, పొడుగువాటిని పైన మడిచి కడదాం. రండమ్మా, చెప్పులు విప్పి కూర్చోండి."

అంతే. అందరూ వల కిందే వరసగా నేల మీద కూర్చున్నారు. సంచుల్లోంచి దారాలు బయటికొచ్చాయి. చీరాల నుంచి వచ్చిన ఒకామె నేత ఇంటి మనిషి. ఆమె ముడి వేస్తుంటే వేళ్ళు కనబడడం లేదు. అడిగితే, "పోగు తెగితే మగ్గం ఆగుద్దండి. మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ ఇదే పని" అని నవ్వి, పక్కవాళ్ళ ముక్కలు కూడా లాక్కుని అల్లింది. హెడ్మిస్ట్రెస్ గారు టీ పెట్టించింది. లెక్కల మాస్టారు నిచ్చెన పట్టుకున్నాడు. వంద గజాల అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా బస్సు వదిలేసి వచ్చి చూశారు.

నైలాన్ దారం అయిపోయాక కొందరు తమ దగ్గరున్న రంగుల నూలుతో మొదలుపెట్టారు. చూస్తుండగానే అంచుకి పువ్వులు వచ్చాయి.

"పువ్వులు వద్దమ్మా! ఇది ఆటస్థలం!" అని అరిచాను.

"అక్క చెబితే వినేవాళ్ళం, మాస్టారు చెబితే వినం" అని జవాబొచ్చింది. ఆ మాట ఎవరన్నదో ఇప్పటికీ ఒప్పుకోలేదు. దీపాలు పెట్టే వేళకి వల నేల తాకింది. బాపట్లావిడ ఆ రాత్రికి బాపట్ల తిరిగి వెళ్ళనంది. ఆట చూసే వెళ్తానని హెడ్మిస్ట్రెస్ గారింట్లో ఉండిపోయింది.

చిన్నవాళ్ళకి ఒక మాట చెబుతాను, వినండి. తప్పు జరిగినప్పుడు కేకలు వేయడం మన ఉద్యోగంలో సులువు, విజిలు ఎలాగూ మెడలోనే ఉంటుంది. ఆ రోజు నేను వేసిన కేక ఎందుకూ పనికి రాలేదు. ఆవిడ చెయ్యి ఎత్తి చూపించబట్టి పని జరిగింది. నేను అప్పటికే రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాను కాబట్టి నేర్చుకున్నా పెద్దగా ఉపయోగం లేకపోయింది, మీకైనా పనికొస్తుంది.

మర్నాడు కమిటీ పెద్దాయన వచ్చి వల ముందు నిలబడ్డాడు. నీలం, ఆకుపచ్చ, మధ్యలో ఒక గులాబీ రంగు ముక్క, కింద పువ్వుల అంచు. "ఏంటి మాస్టారూ, వల కట్టమంటే పెళ్ళి పందిరి వేశారు?" అన్నాడు. తర్వాత ఒక బంతి తీసుకుని, ఆ వయసులో కూడా, బలంగా వల మీదికి కొట్టాడు. వల సాగి బంతిని తిరిగి ఆయన కాళ్ళ దగ్గరికి పంపించింది. ఇంకోసారి కొట్టాడు, పువ్వుల దగ్గర. అక్కడా ఆగింది. "మొదలుపెట్టండి" అన్నాడు. బాపట్లావిడ చప్పట్లు కొట్టింది.

మా పిల్లలు ఆ రోజు ఎలా ఆడారో చెప్పడం నా వల్ల కాదు. ఫైనల్ దాకా వచ్చారు. ఫైనల్లో మా కెప్టెన్ ఎడమచేత్తో కొట్టిన ఒక బంతి అవతలి పిల్ల చేతులకి తగిలి, ఎంత ఎత్తు లేచిందంటే, వల పైనుంచి వెళ్ళి కాలువలో పడింది. పడిన చోటే గట్టు మీద ఎవరో మనిషి నిలబడి ఉన్నాడు. పంచె ఎగ్గట్టి గబగబా నీళ్ళలోకి దిగి, బంతి పట్టుకుని, వల మీదుగా లోపలికి విసిరాడు. అప్పుడు గుర్తుపట్టాను, ఆ పిల్ల తండ్రి. పొలం పని మానుకుని ఎప్పుడొచ్చాడో, లోపలికి రాకుండా వల అవతల నుంచే చూస్తున్నాడు. పిల్ల కూడా చూసింది. ఆ తర్వాత కొట్టిన మూడు బంతులూ ఎవరూ తీయలేకపోయారు.

ఫైనల్ ఓడిపోయాం. కొద్దిలో పోయింది. కానీ ఆట అయ్యాక పెద్దాయన జిల్లా పోటీలకి ఎంపికైన పిల్లల్ని పిలిచినప్పుడు, అందరికంటే ముందు పిలిచింది మా కెప్టెన్నే. ఆడపిల్లలంతా ఒకటే అరుపులు. నేను పక్కకి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. జిల్లా పోటీలు బాపట్లలో. రెండు రాత్రులు అక్కడే ఉండాలి.

తండ్రి తడి పంచెతోనే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను వెళ్ళాను, కుట్టు టీచరు గారు వచ్చింది, బాపట్లావిడ కూడా వెనకాలే వచ్చింది. పిల్ల కొంచెం దూరంగా బంతుల సంచి పట్టుకుని తల వంచుకుని నిలబడింది.

"చూశానండి మాస్టారూ. చాలా సంతోషం. మా పిల్ల ఇంత ఆడుద్దని నాకు తెలవదు" అన్నాడు. "కానీ బాపట్లంటే ఎట్టా అండి? రెండు రాత్రులు."

"నేనుంటాను కదయ్యా!" అన్నాను. ఎంత నెమ్మదిగా అందామనుకున్నా అది కేకలాగే వచ్చింది.

"మీరుంటారండి, కాదన్లేదు. పిల్ల ఎక్కడ పడుకుంటది? ఎవరు చూసుకుంటారు? ఏదో స్కూలు హాల్లో పరుపులేస్తారు. వాళ్ళమ్మకి నిద్ర పడుద్దా అండి?"

ఇన్నేళ్ళూ నన్ను ఆపింది ఈ ప్రశ్నే. బాపట్లావిడ నన్ను కొంచెం పక్కకి జరిపి ముందుకొచ్చింది.

"అన్నయ్యా, మా ఇల్లు ఆ గ్రౌండుకి నాలుగు వీధుల అవతల. పిల్లలందరూ మా ఇంట్లోనే పడుకుంటారు. నేనుంటాను, మా చెల్లెలు ఉంటది. మా వారు వీధి గుమ్మంలో మంచం వేసుకుంటారు. ఆయన గురక విని కుక్కలే మా వీధిలోకి రావు. వదిన్ని కూడా పంపండి, కావాలంటే."

"మా ఇంటిదానికి గేదెలున్నయ్యండి, కదల్లేదు" అన్నాడాయన. కాస్త ఆగి, "ఏం అనుకోకండి అమ్మా, మీరెవరో మాకు నిన్నటిదాకా తెలవదు" అన్నాడు.

"నాకు మాత్రం ఈ మాస్టారు నిన్నటిదాకా తెలుసా అన్నయ్యా? నేను ఆడమనిషి అనుకునే ఇంత వల అల్లుకొచ్చా" అంది ఆవిడ.

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. కాలువ వైపు చూశాడు. వల గాలికి కదులుతోంది. పిల్ల వైపు చూశాడు. అది ఇంకా తల ఎత్తలేదు, సంచి తాడుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నేను కేక వేయకుండా ఆగాను, దానికి నాకు పతకం ఇవ్వాలి. ఆయన పంచె అంచు పిండుకుని, ఆవిడ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పొద్దున టిఫిను ఏం పెడతారమ్మా మీ ఇంట్లో? మా పిల్ల ఉప్మా అయితే ముట్టుకోదు."

ఆవిడ నోరు తెరిచేలోపే, అప్పటిదాకా తల ఎత్తని ఆ పిల్ల, సంచి కింద పడేసి, కాలువ అవతలికి వినబడేట్టు అరిచింది.

"తింటా నాన్నా! ఉప్మా కూడా తింటా!"